బోనం లేని బోనాల చీర

మీరు గీసిన బొమ్మ మీద ఎవరు కూర్చుంటారో ఎప్పుడైనా ఆలోచించారా?

వేళాకోళానికి అడగడం లేదు. బట్టల డిజైన్ నేర్చుకుని ఈ వృత్తిలోకి వస్తున్నవారిని నేను మొదట అడగదలచిన ప్రశ్న ఇదే. గోడకు తగిలించిన బొమ్మను చూసేవాళ్లు దాని ఎదురుగా నిలబడి చూస్తారు. గుడ్డ మీది బొమ్మకు ఆ మర్యాద దక్కదు. దాన్ని కత్తిరిస్తారు, కుచ్చిళ్లలో మడిచేస్తారు, చంక కింద కుట్టులో దాచేస్తారు, దాని మీదే కూర్చుని పల్లీలు తింటారు. ఇంత జరిగినా అది బొమ్మగా నిలవాలి. నా ఉద్యోగ జీవితమంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది.

పాతబస్తీలో ఛత్రినాక వెనుక సందులో ఒక చిన్న ప్రింటింగ్ కార్ఖానా ఉండేది. అందులో డిజైనర్‌గా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసి, ఈమధ్యే పని విరమించాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ హోదా వచ్చింది అనేవి ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ప్రయోజనం లేదు. ఆ పని నిజంగా ఏమిటో చెప్పగలిగిన ఒకటి రెండు సంగతులు మాత్రం చెబుతాను.

వాదన ఎంతవరకు పనికొస్తుంది?

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి ప్రభుత్వోద్యోగం మీద హైదరాబాదు వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డారు. నేను కాలేజీలో చదువుకన్నా వక్తృత్వ పోటీలకే ఎక్కువ పేరు తెచ్చుకున్నాను. ఏ పక్షం ఇచ్చినా వాదించేదాన్ని. ఎదుటివారు ఏమంటారో ముందే ఊహించి, దానికి జవాబు సిద్ధం చేసుకుని వేదిక ఎక్కడం నాకు అలవాటు. కార్ఖానాలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. ఈ రంగు ముందెందుకు, ఆ రంగు తర్వాతెందుకు, ఈ కొలత ఎవరు పెట్టారు అని ప్రతిదానికీ కారణం అడిగేదాన్ని.

మా యజమాని నర్సింగ్‌రావు సేట్ ఆ గల్లీలోనే పుట్టి పెరిగిన మనిషి. కొన్నాళ్లు ఓపిక పట్టి ఒకరోజు అడిగారు.

"అమ్మా, నువ్వు డిజైన్ గీయనీకి వచ్చినవా, కేసు నడపనీకి వచ్చినవా?"

"రెండూ వచ్చు సార్," అన్నాను.

"అయితే జీతం ఒక్కదానికే ఇస్త. ఏదో సోచాయించుకో."

ఆయన గురించి నిష్పక్షపాతంగా చెప్పాలంటే, మంచి యజమాని. కోపం వస్తే అరిచేవారు. అరిచిన వెంటనే చాయ్ తెప్పించేవారు. ప్రశ్నను ఎన్నడూ నేరంగా చూడలేదు. కానీ ప్రశ్న వల్ల పని ఆగితే సహించేవారు కాదు. కొత్తగా చేరేవారికి నా సలహా ఏమిటంటే, మీ ప్రశ్నకు నవ్వుతూనో తిడుతూనో జవాబిచ్చే యజమాని దొరికితే అక్కడే ఉండండి. నవ్వక, తిట్టక, తల ఊపి ఊరుకునే యజమాని దగ్గర మీరు ఏమీ నేర్చుకోలేరు.

నా తొలి పాఠం గుర్రాల వల్ల వచ్చింది. మలక్‌పేటలో రేసుకోర్సు ఉంది కనుక, అక్కడి దుకాణదారు ఒకరు పరుగెత్తే గుర్రాలతో చొక్కాల గుడ్డ కావాలన్నారు. గుర్రాలన్నీ ఒకే దిక్కుకు దౌడు తీస్తున్నట్టు గీశాను. అందరికీ నచ్చింది. దర్జీలు మాత్రం గుడ్డ కలిసిరావాలని తమ పద్ధతిలో తాము ఒక ముక్కను ఇటు, మరో ముక్కను అటు తిప్పి కత్తిరించారు. చొక్కా తొడుక్కుంటే ఛాతీ మీద గుర్రాలు పరుగెత్తుతున్నాయి. వీపు మీద కాళ్లు ఆకాశానికెత్తి పడుకున్నాయి.

సేట్ ఆ చొక్కాను అటూ ఇటూ తిప్పి చూశారు. "ముంగట గెలిచింది, ఎనక బోల్త వడ్డది. ఒక్క టికెట్టు మీద రెండు రేసులు!"

పువ్వుకూ ఆకుకూ తలకిందులు అనేది పెద్దగా ఉండదు. ప్రాణిని గీసిన మరుక్షణం గుడ్డకు ఒక నేల, ఒక ఆకాశం ఏర్పడతాయి. ఆ తర్వాత ఆ గుడ్డను మీ ఇష్టం వచ్చినట్టు తిప్పడానికి వీల్లేదు. ఈ మాట ఏ పాఠ్యగ్రంథంలోనైనా దొరుకుతుంది. నేల మీద ఏముండవచ్చు, ఏముండకూడదు అనేది మాత్రం గ్రంథంలో దొరకదు. అది నాకు లక్ష్మమ్మ చీర వల్ల తెలిసింది.

గల్లీ కనపడే చీర

లక్ష్మమ్మది మా కార్ఖానాకు రెండు సందుల అవతల పాల వ్యాపారం చేసే కుటుంబం. ఒక ఆషాఢంలో, కోడలు మమతను వెంటబెట్టుకుని వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా విషయం చెప్పింది.

"పోయిన ఏడు బోనాలప్పుడు మా మనుమరాలు డెంగీ జరమొచ్చి దవాఖానల ఉండె. మేమందరం ఆడ్నే ఉంటిమి. మా గల్లీ ఆడోళ్లు పూటకొకరు మా బర్రెల పాలు పిండి, ఇండ్లకు పోసొచ్చిన్రు. నేను అడగలే, వాళ్లు చెప్పలే. అప్పుడు అమ్మవారికి మొక్కిన. పిల్ల ఇంటికొస్తే, వచ్చే బోనాలకు గా ఆడోళ్లందరికీ చీరలు వెట్టి, అందరం ఒక్క తీరుగ గుడికొస్తమని."

"మంచిది లక్ష్మక్కా. పూల డిజైను మస్తున్నయ్, చూడు," అన్నారు సేట్.

"పూలవి నాకొద్దు సేటూ. దుకాణంల దొరికేది నీ దగ్గరికెందుకొస్త? చీర మీద మా గల్లీ కనవడాలె. మా బర్రెలు, ఏపకొమ్మలు, డప్పులు, బోనమెత్తిన ఆడోళ్లు."

"గల్లీ అంటే మురికినీళ్ల మోరీ గూడ గీయాలెనా?"

"మోరీ నీ ఇంటి ముంగట గూడ ఉన్నది గద. అది నీ లుంగీ మీద ఏయించుకో."

మరి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారని నేను అడిగాను. జవాబు మమత చెప్పింది. "రంగు మీద లొల్లి మేడమ్. సగం మంది ఎరుపన్నరు, సగం మంది పసుపన్నరు. తెగేసరికి ఆషాఢమొచ్చింది."

ఆఖరి ఆదివారం పాతబస్తీ బోనాలు. దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. అప్పుడు నాకు గడువంటే యజమాని పెట్టే తేదీ అనే అభిప్రాయం ఉండేది. లక్ష్మమ్మ ముఖం చూశాక అర్థమైంది: ఈ తేదీ సేట్ చేతిలోనూ లేదు, ఆమె చేతిలోనూ లేదు. ఆమె మాట ఇచ్చింది అమ్మవారికి. ఆ మాటకు సాక్షులు, కష్టకాలంలో ఆదుకున్న గల్లీ ఆడవాళ్లు. మేము ఆలస్యం చేస్తే తలదించుకోవలసింది ఆమె.

ఆ గల్లీకి వెళ్లి కూర్చుని గీశాను. తొట్టి దగ్గర నిలబడ్డ బర్రెలు, పాలక్యాన్లు కట్టిన మోటార్ సైకిలు, వేపకొమ్మల తోరణం కట్టిన ఆటో, డప్పు వాయించేవాళ్లు. వీటి మధ్య తల మీద బోనం పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నడుస్తున్న స్త్రీల వరస. అది చీర పొడవునా సాగుతుంది. దాని పైన మరో వరస, దాని పైన మరొకటి. కింద అంచుకు వేపాకులు. కాగితాన్ని కార్ఖానా గోడకు అంటించి అందరినీ పిలిచాను. లక్ష్మమ్మ దగ్గరగా వచ్చి, బొమ్మలోని బోనాన్ని వేళ్లతో తాకి కళ్లకు అద్దుకుంది.

"మా బర్రెను గుర్తువట్టిన. గిది చెవి తెగింది. ఎట్ల గీసినవు బిడ్డా!"

అందరం అంగీకరించాం. ప్రతి రంగుకూ ఒకటి చొప్పున స్క్రీన్లు తయారయ్యాయి. చెక్క చట్రానికి సన్నని జాలిగుడ్డ బిగించి, బొమ్మ ఉన్నచోట మాత్రమే రంగు దిగేలా మిగతాదంతా మూసేస్తారు, అదే స్క్రీన్. ఒకసారి అది తయారైతే బొమ్మ మార్చడం కుదరదు, మళ్లీ కొత్తది చేయవలసిందే.

మమత కూర్చున్నప్పుడు

మా ప్రింటింగ్ మాస్టరు ఖాదర్ భాయ్ ముందుగా ఒకే ఒక చీర వేశారు. చూడడానికి అత్తాకోడళ్లు వచ్చారు. మమత తన డ్రెస్సు మీదే చీర చుట్టుకుని అటూ ఇటూ నడిచింది. ఎర్రటి నేల మీద పసుపు కుండలు మెరిసిపోతున్నాయి. "మాషాల్లా, పెండ్లి కూతురు లెక్క ఉన్నవమ్మా," అన్నారు ఖాదర్ భాయ్. చాయ్ వచ్చింది. మమత స్టూలు మీద కూర్చుని, గ్లాసు అందుకుని, ఒళ్లో చూసుకుని, ఒక్కసారిగా లేచి నిలబడింది.

"అత్తమ్మా, ఎనక గూడ బోనాలున్నయా?"

లక్ష్మమ్మ ఆమెను భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. ఒక వరస సరిగ్గా కూర్చునే చోట ఉంది. ఒకటి మోకాళ్ల వెనక. అడుగు వరస మడమలకు ఆనుతోంది. నేల మీద కాస్త నీళ్లు ఉంటే అందులో తడిసేది.

లక్ష్మమ్మ వంగి చీర అంచును నేల మీంచి పైకెత్తి పట్టుకుంది. "నెత్తి మీద ఎత్తుకునేది కాళ్ల కాడికొచ్చింది బిడ్డా."

అక్కడున్నవారిలో బోనం గురించి తెలియనివారు లేరు. కడిగిన కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపకొమ్మలు కట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకునేదాకా దాన్ని ఎంత పదిలంగా చూస్తారో ప్రతి ఏడూ చూస్తున్నవాళ్లమే. కాగితం మీది బొమ్మకు దండం పెట్టినవాళ్లమే. కానీ అది గోడ మీద కళ్లెదురుగా ఉంది కనుక, చీరగా మారాక మనిషి ఒంటి మీద ఎక్కడికి చేరుతుందో ఒక్కరికీ తట్టలేదు. ఈ పొరపాటు పరాయి ఊరివాళ్లకు జరిగితే అజ్ఞానం అనవచ్చు. మాకు జరగడానికి కారణం భక్తి. ఆ బొమ్మను చూసి అందరం ముచ్చటపడ్డాం. ముచ్చటలో ఎవరూ అనుమానించలేదు.

సేట్ గొంతు తగ్గించి అన్నారు. "బొమ్మనే గద లక్ష్మక్కా. డబ్బాల రంగు. నిజం పసుపు గూడ కాదు."

ఈ వాదనలో బలం లేదనలేను. కాలేజీ వేదిక మీద నాకు ఆ పక్షం ఇస్తే సునాయాసంగా నెగ్గేదాన్ని. కానీ నేను రెండో పక్షం తీసుకున్నాను.

"సార్, గోడ మీద ఉన్నప్పుడు ఆవిడ దానికి దండం పెడితే మీరు వద్దనలేదు. అప్పుడు కూడా అది రంగే కదా! గోడ మీద దేవుడైనది గుడ్డ మీదికి వచ్చేసరికి ఉత్త రంగు ఎలా అవుతుందండీ?"

సేట్ నా వైపు తేరిపార చూశారు. "గెలిచినవమ్మా. కప్పు దెప్పిస్త, తీస్కపో. ఇప్పుడు కొత్త స్క్రీన్లు ఎప్పుడైతయ్, చీరలెప్పుడైతయ్? ఆదివారం నీ వాదన గట్టుకొని గుడికి పోతరా?"

సరైన పక్షాన నిలవడం ఒక సంగతి, గడువులోగా చీర ఇవ్వడం మరో సంగతి. ఒకటి సాధిస్తే రెండోది దానంతట అదే వస్తుందని కాలేజీలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. డిజైనర్లు కాబోయేవారు, ముఖ్యంగా నాలా మాటకారితనం ఉన్నవారు, ఈ తేడాను త్వరగా గ్రహిస్తే మంచిది.

తీసేయడం అనే పని

కొత్తగా గీయడానికి వ్యవధి లేదు. ఉన్నదాంట్లోంచి తీసేయడానికి ఉంది. స్క్రీన్ మీద రంగు దిగే చోటును లక్కతో మూసేస్తే అక్కడ అచ్చు పడదు. కుండ ఒక్కటీ మూసేద్దామని ప్రతిపాదించాను. ఖాదర్ భాయ్ ఒక కాగితం ముక్కను కుండ ఆకారంలో కత్తిరించి, స్క్రీన్ కింద పెట్టి, పాత గుడ్డ మీద అచ్చు వేసి చూపించారు. ఇప్పుడు స్త్రీలు ఉన్నారు, ఎత్తిన చేయి ఉంది, తల మీద ఏమీ లేదు.

సేట్ నుదురు కొట్టుకున్నారు. "ఏందమ్మా గిది? చేతులు లేపి నిలవడ్డరు. బోనాలకు వోతున్నరా, బస్సు ఆపుతున్నరా?"

మమత ఫక్కున నవ్వింది. ఖాదర్ భాయ్ కూడా నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నారు. లక్ష్మమ్మ నవ్వలేదు. ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఆపనియ్యి సేటూ. మా గల్లీకి బస్సెట్లనో రాదు." తర్వాత నా వైపు తిరిగింది. "గిట్లనే కానియ్యి బిడ్డా. చీరల ఉన్నోళ్లకు బోనం ఎందుకు? మేమెత్తుకుంటం గద."

ఆ మాటతో డిజైన్ పూర్తయింది. నేను గీసినప్పుడు కాదు.

మిగిలింది చేతిపని. కుండతోపాటు దాన్ని పట్టుకున్న వేళ్లు కూడా చెరిగిపోకుండా, ప్రతి వేలి చుట్టూ సన్నని కుంచెతో లక్క పూయాలి. పసుపు స్క్రీనులో కుండ, ఎరుపులో బొట్లు, నలుపులో గీతలు. దేన్ని మరచినా గాలిలో తేలే బొట్టో, సగం దీపమో మిగిలిపోతుంది. ఒక చోట దీపం మిగిలింది కూడా. అది నేలకు తాకట్లేదు కదా, ఉండనివ్వమన్నారు సేట్. లక్ష్మమ్మ ఊరుకోలేదు. "నెత్తి మీద దీపం, కింద కుండ లేదు. అంటుకుంటదేమో!"

బర్రెలను మాత్రం అడుగు వరసలోనే ఉంచాం. అవి నేల మీద నడిచేవే కనుక వాటికి అభ్యంతరం ఉండదని లక్ష్మమ్మ తీర్పు చెప్పింది.

ఇక వాన పట్టుకుంది. ఆషాఢపు వాన పాతబస్తీలో ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. గోడలకే చెమటలు పడతాయి. అచ్చు వేసిన చీరలు పంకాల కింద వేలాడుతున్నా తడి ఆరడం లేదు. రంగు నిలవాలంటే ఆరిన తర్వాత వేడి తగలాలి. మా దగ్గరున్న ఇస్త్రీ బల్ల ఒక్కటే. చీరలా, గల్లీ నిండా ఆడవాళ్లకు సరిపడా. శనివారం పొద్దున లెక్క చూసుకుంటే సగం కూడా తేలేలా లేవు. పూర్తికాని సరుకు గడప దాటకూడదన్నది సేట్ నియమం, అది సరైన నియమం. నేను కూడా ఆ నియమాన్నే సమర్థించాను.

మధ్యాహ్నం లక్ష్మమ్మ వచ్చింది. పరిస్థితి చూసింది. ఫోన్ తీసి ఒకే మాట చెప్పింది. "మమతా, అందర్ని తోల్కరా. ఎవరింట్ల ఇస్త్రీపెట్టె ఉన్నదో అడుగు."

వానలో గొడుగులు పట్టుకుని ఆ ఆడవాళ్లంతా వచ్చారు. ఇంట్లో ఆరబెట్టి ఇస్త్రీ చేసుకోవడానికి ఎవరి చీర వారు పాత దుప్పట్లలో చుట్టుకున్నారు. ఖాదర్ భాయ్ ఒక్కొక్కరినీ ఆపి చెప్పారు. "బొమ్మ దిక్కు కాదు బహెన్, ఉల్టా తిప్పి ఇస్త్రీ చేయాలె. ఆహిస్తా. జల్దీ చేస్తే నల్లది అంటుకుంటది." సేట్ గడపలో నిలబడి, తన నియమం తన కళ్ల ముందే వానలో నడిచిపోతుంటే చూస్తూ, "చాయ్ తాగి పోయిన్రా వాళ్లు?" అని మాత్రం అడిగారు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. జనంలో ఒక అరుగు ఎక్కి నిలబడ్డాను. డప్పుల వెనక ఆ వరస వచ్చింది. ఎర్ర చీరలు, చీరల్లో చేయెత్తి నడుస్తున్న చిన్న చిన్న స్త్రీలు, వాళ్లందరి తలల మీదా ఏమీ లేదు. పైన, నిజమైన తలల మీద, నిజమైన చేతులు పట్టుకున్న బోనాలు, దీపాలతో. కింద బొమ్మల్లో ఎత్తిన ప్రతి చేయీ ఆ పైనున్నదాన్నే పట్టుకున్నట్టు కనిపించింది. లక్ష్మమ్మ ముందుంది. ఆమె వెనక మమత, ఆమె చెయ్యి పట్టుకుని మనుమరాలు. లక్ష్మమ్మ నన్ను చూసింది కానీ పలకరించలేదు. బోనం ఎత్తిన మనిషి దారిలో పలకరించదు.

ఎదుటి పక్షం

ఇక్కడితో ఆపితే నేను నెగ్గినట్టు ఉంటుంది. నిజం అంత సాఫీగా లేదు. ఆ చీరల ఫొటోలు ఫోన్లలో తిరిగి, ఒక దుకాణం అదే డిజైన్ కుండలతో సహా కావాలంది. నేను చేయనన్నాను. "నీ ఉసూలు, నీ పట్టింపు నీకు, నా కార్ఖానా నాకు," అని సేట్ వేరొకరితో గీయించారు. అవి బాగా అమ్ముడయ్యాయి. కొన్నవారిలో భక్తి గల స్త్రీలు ఎందరో ఉన్నారు. బోనాల బొమ్మను ఒంటి మీద వేసుకోవడమే వారికి గౌరవం. ఒకామె బస్సులో నా పక్క సీట్లో ఆ చీర కట్టుకునే కూర్చుంది. ఎంతో ఆనందంగా ఉంది. ఆమెది తప్పని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. లక్ష్మమ్మది చాదస్తం అనడానికీ లేదు.

మరి ఎవరు ఒప్పు? ఆ ప్రశ్నే సరైంది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. గుడ్డ మీది బొమ్మకు అర్థం గీసేవారి దగ్గర ఖాయం కాదు, కట్టుకునేవారి దగ్గర ఖాయమవుతుంది. నేను మొదటిసారి లక్ష్మమ్మను ఏమేం గీయాలని అడిగాను. ఏది ఎక్కడ ఉండకూడదని అడగలేదు. ఇప్పుడు కంప్యూటర్ మీద ఒక్క పూటలో డిజైన్ తయారవుతుంది, స్క్రీన్లతో పనే లేదు, తప్పు తెలిస్తే క్షణంలో దిద్దుకోవచ్చు. అందుకే మీకు నాకన్నా ఎక్కువ అవకాశం ఉంది, నాకున్నంత సాకు లేదు.

కనుక మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఇప్పుడు మీ బల్ల మీద ఉన్న డిజైన్‌ను పంపించేయకండి. ఒక ముక్క అచ్చు వేయించి, దాన్ని కట్టుకోబోయే మనిషి ఇంటికి తీసుకెళ్లండి. చుట్టుకోమనండి, కూర్చోమనండి, మెట్లెక్కమనండి, బిడ్డనెత్తుకోమనండి. ఇందులోంచి ఏది తీసేయమంటారని అడగండి. అడిగి, వాదించకుండా వినండి. ఈ వారమే వెళ్లండి.